డిస్నీ బొమ్మలు, రెండో భాగాలు, మార్చిన కథలు: మా కొట్టు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం సప్తగిరి సర్కిల్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో మాకో ఫ్యాన్సీ స్టోర్ ఉంది. నాన్న పెట్టిన కొట్టు. అప్పట్లో గాజులు, రిబ్బన్లు, తిలకం సీసాలు అమ్మేవాళ్లం. ఇప్పుడు సగం గోడ బొమ్మలదే. నేను డిస్నీ సినిమాల పిచ్చోడినని తెలిసినవాళ్లు బొమ్మ బేరం చేస్తూనే ఒక ప్రశ్న కూడా పడేస్తారు. "మళ్లీ మళ్లీ అవే ఎందుకు తీస్తారు సామీ?" "ఈ బొమ్మకింత రేటా?" "పాత సినిమాను ఎందుకట్లా పాడు చేసినారు?" రోజూ అవే ప్రశ్నలు, రోజూ అవే జవాబులు. నోరు నొప్పి పుట్టి చివరికి రాసి పెట్టాను. నేను కంపెనీ మనిషిని కాను. వాళ్ల బొమ్మలు అమ్ముకుంటాను, వాళ్ల సినిమాలు చూస్తాను, వాళ్లను తిట్టుకుంటాను.

సినిమా కోసం బొమ్మలు చేస్తున్నారా, బొమ్మల కోసం సినిమాలు తీస్తున్నారా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు ఒక సంగతి. బొమ్మల వ్యాపారం ఈ కాలంలో పుట్టిన రోగమేమీ కాదు. మిక్కీ మౌస్ తెరమీదికొచ్చింది 1928 నవంబరులో. మరుసటి ఏడాదే ఒకాయన న్యూయార్క్ హోటల్లో వాల్ట్ డిస్నీని పట్టుకుని, పిల్లల రాత పుస్తకాల అట్టమీద మిక్కీ బొమ్మ వేసుకుంటానని 300 డాలర్లు చేతిలో పెట్టాడట. అప్పుడు డబ్బుకు కటకటగా ఉంది, వాల్ట్ తీసుకున్నాడు. 1932లో కే కామెన్ అనే వ్యాపారి ఈ లైసెన్సుల పనంతా చేతిలోకి తీసుకున్నాడు. 1933లో మిక్కీ చేతులే ముళ్లుగా తిరిగే గడియారం వచ్చింది. అంటే వాళ్ల మొదటి పూర్తి నిడివి సినిమా (1937) కంటే గడియారమే ముందు.

1957లో ఆ కంపెనీలో ఒక పటం గీశారు. అది నాకు చాలా ఇష్టం. మధ్యలో సినిమా స్టూడియో, చుట్టూ టీవీ, పాటలు, కామిక్ పుస్తకాలు, పార్కు, బొమ్మలు. ఒకదాని నుంచి ఇంకోదానికి బాణాలు, మన ఇళ్లలో ఇన్వర్టర్ వైరింగ్‌లాగా గజిబిజిగా. ఎంత గజిబిజి అయినా కరెంటు మాత్రం మధ్యలో ఉన్న సినిమా నుంచే రావాలి. నా గొడవంతా దీని గురించే. ఇప్పుడా మధ్యలో ఏముంది?

2024 ఆర్థిక సంవత్సరంలో కంపెనీ విభాగాలన్నిటి నిర్వహణ లాభం సుమారు 1,560 కోట్ల డాలర్లు. అందులో పార్కులు, విహార ఓడలు, బొమ్మలు కలిసిన విభాగం వాటా దాదాపు 930 కోట్లు. అంటే సగానికి పైన. సినిమా ఇప్పుడు దుకాణం ముందు దండోరా వేసేవాడిలా అయింది.

దీనికి పిక్సార్ (ఇప్పుడు డిస్నీదే అయిన యానిమేషన్ స్టూడియో) వాళ్ల కార్ల సినిమా 'కార్స్' కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మొదటిది 2006లో వచ్చింది, మరీ పెద్ద హిట్టేం కాదు. కానీ ఐదేళ్లలో దాని బొమ్మలు, బ్యాగులు, దుప్పట్లు ప్రపంచమంతా కలిపి దాదాపు 1,000 కోట్ల డాలర్ల అమ్మకం చేశాయి. 2011లో రెండో భాగం వచ్చింది. ఆస్కార్‌లో యానిమేషన్ సినిమాలకు వేరే అవార్డు పెట్టాక, ఆ పోటీలో నామినేషన్ కూడా దక్కని మొదటి పిక్సార్ సినిమా అదే. అయినా మా కొట్లో ఆ ఎర్ర కారు ఈరోజుకీ పోతుంది. ఆ సినిమా ఎన్నడూ చూడని పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. అమ్మేవాడిగా నాకు సంతోషమే. చూసేవాడిగా మాత్రం ఆ రెండో భాగానికి పెట్టిన రెండు గంటలు ఇంకా గుర్తున్నాయి.

హిట్టయిన ప్రతిదానికీ రెండో భాగం ఉండాల్సిందేనా?

ఉండాలని వాల్ట్ డిస్నీయే అనుకోలేదు. 1933లో మూడు పందిపిల్లల చిన్న సినిమా విపరీతంగా ఆడింది. థియేటర్ల వాళ్లు ఇంకా పందులు కావాలని వెంటబడ్డారు. సరేనని ఇంకో మూడు తీశారు. ఏదీ మొదటిదాని దరిదాపుల్లోకి రాలేదు. పందుల్ని పందులతో గెలవలేమని ఆయన తేల్చేశాడు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్లూ ఏ పెద్ద కార్టూన్ సినిమాకూ రెండో భాగం రాలేదు.

ఆయన పోయాక లెక్క మారింది. 1994లో అల్లావుద్దీన్ కథకు రెండో భాగం థియేటర్‌కు రాకుండా నేరుగా వీడియో క్యాసెట్‌గా వచ్చింది. తక్కువ ఖర్చుతో తీసినా క్యాసెట్లు బాగా అమ్ముడుపోయాయి. దాంతో గేట్లు ఎత్తేశారు. సింహం కథకు (లయన్ కింగ్), సిండ్రెల్లాకు, చివరికి తోడేళ్లు పెంచిన పిల్లాడి కథకు కూడా రెండోవి, మూడోవి. నా చిన్నప్పుడు వీడియో పార్లర్లో అద్దెకు తెచ్చుకున్న సీడీల్లో సగం ఇవే. బొమ్మ కదలిక చూస్తేనే తేడా తెలిసిపోయేది. మొదటి భాగంలో సింహం జూలు గాలికి ఊగేది. ఈ సీడీలో తలకు అతికించినట్టు ఉండేది. 2006లో 740 కోట్ల డాలర్లు పెట్టి పిక్సార్‌ను కొన్నాక, అక్కడి నుంచి వచ్చిన పెద్దలు ఈ క్యాసెట్ రెండో భాగాల పని ఆపించారు. నాకు తెలిసి ఆ కంపెనీ తన అభిమానులకు చేసిన పెద్ద మేళ్లలో అదొకటి.

అలాగని రెండో భాగమంటేనే చెత్త అనడం అన్యాయం. బొమ్మలు ప్రాణంతో తిరిగే కథకు (టాయ్ స్టోరీ) రెండో భాగాన్ని మొదట క్యాసెట్ కోసమే మొదలుపెట్టారు. పని జరుగుతుండగా బాగుందనిపించి థియేటర్‌కు మార్చారు, మళ్లీ బాగాలేదనిపించి గడువు దగ్గర పడ్డాక కథ మొత్తం తిరగరాశారు. 1999లో వచ్చింది. మొదటిదానికంటే అదే నయమనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2024లో వచ్చిన సముద్రం పిల్ల (మోవానా) రెండో భాగానిదీ కొంచెం ఇదే దారి. డిస్నీ ప్లస్ యాప్ కోసం సీరియల్‌గా మొదలుపెట్టి, మధ్యలో సినిమాగా మార్చారు. వసూళ్లు 100 కోట్ల డాలర్లు దాటాయి. చూసినప్పుడు మాత్రం నాకు మూడు ఎపిసోడ్లు కుట్టి కలిపినట్టే అనిపించింది. గడువు ముంచుకొచ్చినా కథ తిరగరాశారా, ఉన్నదాన్నే కుట్టేశారా అన్నదే తేడా.

కొత్త కథలు తీయడం మానేశారా?

మానలేదు. మనం వెళ్లడం మానేశాం. 2023లో కంపెనీ నూరేళ్ల పండగకు కొత్త కథ (విష్) తీస్తే పడుకుంది. 2025లో పిక్సార్ కొత్త కథకు (ఎలియో) వాళ్ల చరిత్రలోనే అతి తక్కువ ఓపెనింగ్ వచ్చింది. దానికి ముందు ఏడాది మనసులోని భావాల కథకు (ఇన్‌సైడ్ అవుట్) రెండో భాగం దాదాపు 170 కోట్ల డాలర్లు తెచ్చింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఏ యజమాని అయినా ఏం చేస్తాడు?

తప్పు వాళ్లదీ ఉంది. కరోనా సమయంలో, ఆ తర్వాత కూడా, పిక్సార్ కొత్త కథలు మూడింటిని వరసగా యాప్‌లోనే వదిలారు. కొత్తదైతే ఇంట్లోనే వస్తుందిలే అని జనానికి అలవాటు చేసింది వాళ్లే. నేనూ అట్లే కాచుకున్నాను, అబద్ధమెందుకు.

పాత కార్టూన్లనే మనుషులతో మళ్లీ తీయడం ఏంది?

2010లో ఆలిస్ కథ 100 కోట్ల డాలర్లు దాటింది. అక్కడ మొదలైంది. 2019లో సింహం కథ 160 కోట్లు దాటించింది. 2025లో స్నో వైట్ బోల్తా కొట్టింది. అదే ఏడాది నీలిరంగు అల్లరి జంతువు స్టిచ్ కథ మళ్లీ 100 కోట్లు దాటింది. కాబట్టి ఆపుతారని ఆశ పెట్టుకోకండి.

నా అభిప్రాయం అడిగితే, సింహం కథను నిజం సింహాల్లా తీయడమే పొరపాటు. నిజం సింహం ఏడవదు, నవ్వదు. తండ్రి చనిపోయిన చోట కార్టూన్ పిల్ల ముఖం చూసి మేం ఏడ్చాం. కొత్తదాంట్లో ఆ పిల్ల ముఖంలో ఏమీ లేదు, జంతువుల చానెల్లో పిల్లలాగే ఉంది. ఇంకో బాధ కూడా. ఒకప్పుడు పాతికేళ్లో ముప్పై ఏళ్లో ఆగి మళ్లీ తీసేవాళ్లు. సముద్రం పిల్ల కథ 2016లో వస్తే, మనుషుల వెర్షన్‌ను 2026 జూలైకి ప్రకటించారు. చూసిన పిల్లలు ఇంకా డిగ్రీకి కూడా రాలేదు.

తెలుగు డబ్బింగ్‌లో స్టార్లను పెట్టడం మంచిదా చెడ్డదా?

మంచిదే అంటాను, కొన్ని షరతులతో. మా తరానికి 2004 డిసెంబరులో డిస్నీ చానెల్ తెలుగులో కూడా రావడం పెద్ద సంబరం. ఆ గొంతులెవరివో మాకు తెలియదు. కానీ ఆ తెలుగు నాలుకకు తగిలేది. తర్వాత స్టార్లు వచ్చారు. 2019 సింహం కథలో సింబాకు నాని, విలన్ బాబాయికి జగపతిబాబు, అడవిపందికి బ్రహ్మానందం, దాని జోడీకి అలీ గొంతు ఇచ్చారు. అల్లావుద్దీన్‌లో భూతానికి వెంకటేష్, మంచు రాణి (ఫ్రోజెన్) రెండో భాగంలో ఎల్సాకు నిత్యా మేనన్, చిన్ననాటి ఎల్సాకు మహేష్ బాబు కూతురు సితార. 2024లో ముఫాసాకు మహేష్ బాబే చెప్పారు. అప్పుడు మా కొట్టుకొచ్చినవాళ్లలో సగం మంది ముఫాసా ఎవరో తెలియనివాళ్లు. "మహేష్ బాబు సింహం ఉందా అన్నా?" అని అడిగారు. ఉందన్నాను.

అలీ, బ్రహ్మానందం జోడీ పండిందంటే వాళ్లు చదవలేదు, మాట్లాడారు. అది కుదరనప్పుడు తెరమీద బొమ్మ ఒకటి, చెవిలో స్టార్ ఒకరు, రెండూ కలవవు. ఇంకో మాట, ఎప్పుడైనా ఒక మంచి పాత్రకు మన సీమ యాస పెట్టి చూడండి సామీ. మన యాస కత్తి పట్టుకున్నవాడికేనా?

మా పాపకు ఎల్సా గౌను దర్జీ దగ్గర కుట్టిస్తే కేసవుతుందా?

కాదు, నెమ్మదిగా ఉండండి. మీ పాపకు ఒక గౌను కుట్టించుకుంటే ఎవరూ రారు. కానీ అదే గౌన్లు వంద కుట్టి, వాళ్ల పేరు, వాళ్ల బొమ్మ ఉన్న లేబుల్ తగిలించి అమ్మితే అది ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది.

నిజానికి ఆ రాకుమార్తెల వ్యాపారమంతా ఇంట్లో కుట్టిన గౌన్ల నుంచే పుట్టింది. 2000 ప్రాంతంలో బొమ్మల విభాగానికి కొత్తగా వచ్చిన ఆండీ మూనీ ఒక ఐస్ షోకు వెళ్తే, వరసలో నిలబడ్డ ఆడపిల్లలు రాకుమార్తెల వేషాల్లో ఉన్నారట. అవేవీ కంపెనీ అమ్మినవి కావు, తల్లులు ఇంట్లో తంటాలు పడి చేసినవి. మనమే ఎందుకు అమ్మకూడదు అనుకున్నాడు. అప్పటిదాకా విడివిడిగా ఉన్న కథల నాయికలు ఒకే డబ్బాలోకి చేరింది అట్లా.

పాతూరులో మాకు తెలిసిన దర్జీ అన్న స్కూలు యాన్యువల్ డే వచ్చిందంటే నీలం నెట్ గుడ్డ తాను తెప్పించి పెట్టుకుంటాడు. ఫోన్లో ఫొటో చూస్తూ భుజాల దగ్గర చెమ్కీలు ఒక్కొక్కటీ కుడతాడు. వెనక పొడుగ్గా జారే ముసుగు మాత్రం మోకాళ్ల దగ్గరే కత్తిరిస్తాడు. "స్టేజీ మీద తొక్కి పడతారన్నా, ఆ సినిమా వాళ్లకు మెట్లెక్కే పని లేదేమో" అంటాడు. డబ్బాలో వచ్చే అసలు గౌను లోపల గుచ్చుకుంటుంది, మన ఎండకు పిల్లలు పది నిమిషాలు ఉంచుకోరు. ఆయన లోపల కాటన్ లైనింగ్ వేస్తాడు. నా గల్లాపెట్టెకు నష్టమైనా సరే, అడిగినవాళ్లకు ఆయన అడ్రస్ ఇస్తాను.

బొమ్మ అసలుదో నకిలీదో ఎట్లా తెలుస్తుంది?

నేనే మోసపోయాను కాబట్టి చెప్పే హక్కుంది. ఒకసారి బెంగళూరు చిక్‌పేటలో ఒక హోల్‌సేల్ వ్యాపారి హోలోగ్రామ్ చూపించి రెండు డబ్బాల ఎల్సా బొమ్మలు అంటగట్టాడు. రేటు చూసి నాకు ఆశ పుట్టింది. కొట్లో విప్పి చూస్తే ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి. ఒక పాప బొమ్మను చేతిలోకి తీసుకుని, "మామా, ఈమెకు కన్ను వాచింది" అంది. జడ రంగు ఆ పాప వేళ్లకు అంటుకుంది. ఆ రోజే గోడ మీద నుంచి దింపేశాను. డబ్బులు తిరిగి రాలేదు.

కాబట్టి హోలోగ్రామ్ ఒక్కటే చూసి నమ్మకండి. డబ్బా మీద లైసెన్స్ తీసుకున్న తయారీదారు పేరు, అడ్రస్, గరిష్ఠ ధర ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం ఐఎస్ఐ గుర్తు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. మామూలు బొమ్మకైతే ఐఎస్ 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేదానికైతే ఐఎస్ 15644 అని ఉంటుంది. గుర్తు కింద లైసెన్స్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ఆ గుర్తు ఉందంటే బొమ్మ పిల్లలకు ప్రమాదం కాదని అర్థం, డిస్నీదని కాదు. ఈ రెండూ కలిపేసుకుంటారు చాలామంది.

ఆడపిల్లల బొమ్మలు వేరు, మగపిల్లల బొమ్మలు వేరు అని ఎవరు పెట్టారు?

సినిమా తీసినవాళ్లు కాదు, డబ్బాలు సర్దేవాళ్లు. 2015లో అంతరిక్ష యుద్ధాల సినిమా (స్టార్ వార్స్) కొత్త భాగంలో రే అనే అమ్మాయే నాయిక. అప్పుడే వచ్చిన ఆ సినిమా మోనోపొలీ ఆట డబ్బాలో ఆమె బొమ్మే లేదు. అభిమానులు గొడవ చేశాక చేర్చారు. అభిమానుల అరుపు పని చేస్తుందా అని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

మా కొట్లో ఒక తండ్రి కొడుకు చేతిలోని మంచు రాణిని లాక్కుని కారు పెట్టాడు. పిల్లాడు కారు పుచ్చుకున్నాడు, కళ్లు మాత్రం గోడ మీదే ఉన్నాయి. సాయంత్రం తల్లి ఒక్కతే వచ్చి ఆ బొమ్మ కొని చీర కొంగులో చుట్టుకుని పోయింది.

మిక్కీ మౌస్ ఇప్పుడు అందరిదీ అయిపోయాడట, బ్యాగుల మీద వేసుకోవచ్చా?

తొందరపడకండి. 2024 జనవరి 1న అమెరికాలో కాపీరైట్ తీరింది 1928 నాటి నలుపు తెలుపు మిక్కీకి మాత్రమే. రంగులతో మనకు తెలిసిన మిక్కీ తర్వాతివాడు. ట్రేడ్‌మార్క్ సంగతి వేరే, అది ఇంకా వాళ్లదే.

వాళ్లు తెలుగులో సినిమా తీయరా?

తీశారు, చాలామంది మరిచిపోయారు. 2011 సంక్రాంతికి సిద్ధార్థ్, శ్రుతి హాసన్‌లతో 'అనగనగా ఓ ధీరుడు' వచ్చింది. దక్షిణాది భాషల్లో డిస్నీ తీసిన మొదటి సినిమా అదే. సరిగ్గా ఆడలేదు. 2016లో హిందీ సినిమాలు తీయడం కూడా ఆపేశారు. మన కథ మన దగ్గర తీయాలన్న ఆలోచన మంచిదే, కానీ ఒక్క దెబ్బకే చేతులెత్తేశారని నా కోపం.

యాప్‌లో పాత కార్టూన్లు సరిగా కనిపించడం లేదు, డిస్నీకి చెప్పొచ్చా?

కాలిఫోర్నియాలోని బర్బాంక్ దాకా పోనక్కర్లేదు. 2024 నవంబరులో ఇక్కడి వ్యాపారం రిలయన్స్‌తో కలిసిపోయింది. అందులో డిస్నీ వాటా 36.84 శాతం. 2025 ఫిబ్రవరి నుంచి యాప్ పేరు కూడా జియోహాట్‌స్టార్. ఆ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి.

నా దగ్గర మూడో భాగానికి మంచి కథ ఉంది. పంపిస్తే తీసుకుంటారా?

జేఎన్‌టీయూ పిల్లలు తరచూ అడుగుతారు. తీసుకోరు. అడగకుండా పంపిన కథలు, ఆలోచనలు తీసుకోమని వాళ్ల నియమాల్లోనే రాసి ఉంది. రేపు అలాంటి సినిమానే వస్తే నా కథ కొట్టేశారని మీరు కోర్టుకెక్కుతారని భయం. అందులో న్యాయముంది.

అలాంటి పిల్లలకు నేనొక మాట చెప్తాను. ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటకు ఒకసారి పోయి రండి. మేక తోలును పలుచగా, అద్దంలా చేసి, దాని మీద రాముణ్ణి, రావణుణ్ణి గీసి, సన్నని ఉలితో చిల్లులు కొడతారు. దీపం ముందు పెడితే ఆ చిల్లులే నగలు. దళవాయి చలపతిరావు గారికి ఈ పనికే 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆడే ఆటలు తగ్గాయి. ఇప్పుడు ఆ తోలుతోనే ఎక్కువగా లాంప్‌షేడ్‌లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నారు. ఇదీ మర్చండైజే కదా, వాళ్లనెందుకు అనవు అని ఒక పిల్లాడు నన్ను నిలదీశాడు. జవాబుకు కాసేపు తడుముకున్నాను. ఆ లాంప్‌షేడ్ మీది హనుమంతుడి కన్ను కూడా ఆటబొమ్మకు కొట్టినంత శ్రద్ధగానే కొడతారు. చిక్‌పేట ఎల్సా కన్ను చూశాక నాకా తేడా బాగా తెలుసు. ఆ పిల్లాడు ఇప్పుడు ఆ బొమ్మలతో ఫోన్లో చిన్న యానిమేషన్ చేస్తున్నాడు. ఎవరి అనుమతీ అక్కర్లేని కథ, హనుమంతుడు సముద్రం దాటేది.

మంచు రాణి మూడో భాగం వస్తుందంట, బొమ్మలు ముందే తెప్పిస్తావా?

2027 నవంబరుకు ప్రకటించారు. 2013లో మొదటిది వచ్చినప్పుడు ఇంత ఆడుతుందని కంపెనీకే తెలియదు, మరుసటి ఏడాది అమెరికాలోనే బొమ్మలు దొరక్క తల్లిదండ్రులు దుకాణాల చుట్టూ తిరిగారు. 2019లో రెండోదానికి అందరూ ముందే నింపుకున్నారు, నేనూ నింపాను. ఆ డబ్బాల్లో నాలుగు ఇంకా అటక మీదే ఉన్నాయి. అసలువే, కన్నులు సరిగానే ఉన్నాయి. కావాలంటే పాత రేటుకే ఇస్తాను.